మీసం పందెం

తూర్పు మారేడ్‌పల్లిలో మేబెల్ టీచర్‌ని ఎరగనివాళ్ళు ఉండొచ్చు గానీ, ఆదివారం పొద్దున పది గంటలకు ఆవిడ తలుపు తట్టకూడదని ఎరగనివాళ్ళు మాత్రం ఆ సందులో లేరు. పాలవాడికి తెలుసు, ఇస్త్రీ ఆయనకు తెలుసు, ఆఖరికి చందాలకు వచ్చేవాళ్ళకు కూడా తెలుసు. ఆ వేళకు టీవీలో ‘ధ్రువనౌక’ వచ్చేది. చుక్కల మధ్య తిరిగే ఒక ఓడ, దాని కమాండర్ అభిజిత్, ఆయన వెనక కొద్దిమంది సిబ్బంది. హిందీ సీరియలే. అయితేనేం, సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు హిందీ ఒకరు నేర్పాలా? వారమంతా ఒకటో తరగతి పిల్లలతో ఎక్కాలు వల్లె వేయించే మేబెల్, ఆ అరగంట మాత్రం ఈ భూమ్మీద ఉండేది కాదు.

అందుకోసమే చర్చిలో తెల్లవారి ఆరాధనకు వెళ్ళేది. అయ్యగారు ఆశీర్వచనం చెప్పి చేతులు దించేలోపు చెప్పులేసుకుని గేటు దాటేది. స్త్రీల సమాజానికి పెద్దదిక్కయిన రోసమ్మగారు వెనకనుంచి, “మేబెల్, పరలోకానికి కూడా ఇంత పరుగు తీస్తావటే?” అని కేకేసేది. రోసమ్మగారిది తెనాలి గొంతు. గేటు బయట రిక్షావాళ్ళు కూడా తిరిగి చూసేవారు.

ఈ పిచ్చి మేబెల్‌కి అంటించినవాడు ఆవిడ మొగుడు ఆర్థర్. స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. పిల్లలు లేరు. ఆ లోటు తెలియనిచ్చేవాడు కాదు, ఆయనొక్కడే పదిమంది పెట్టు. ఎవరి గొంతయినా దించేసేవాడు. అయ్యగారి దగ్గు, రోసమ్మగారి దీర్ఘాలు, మోండా మార్కెట్‌లో టమాటాలమ్మే కమలాబాయి కేకలు, ఒకటేమిటి. అన్నిటికీ మించి స్టేషన్‌లో మైకు ఆవిడ గొంతు. అన్నానికి కూర్చుని ముక్కు పట్టుకుని, “దయచేసి వినండి. వంటగది నుంచి బయలుదేరిన మేబెల్ గారి పప్పుచారు మరికొద్ది సేపట్లో ఒకటో నంబరు పళ్ళెం మీదికి వచ్చును” అనేవాడు. వడ్డించే చెయ్యి నవ్వుతో వణికి, పప్పుచారు పళ్ళెంలో సగం, చాప మీద సగం పడేది. పెళ్ళాన్ని ‘మేబూ’ అని పిలిచేవాడు. వీధిలో కూడా అలాగే పిలిచేవాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఆదివారం వాళ్ళిద్దరితో పాటు ఇంటి ఓనరమ్మ శ్యామలమ్మ వచ్చి గడప దగ్గర పీట వేసుకునేది. ఆవిడ మొగుడు బ్రహ్మచారి జనరల్ బజార్‌లో నగల పని చేస్తాడు. పేరుకే బ్రహ్మచారి, ముగ్గురు పిల్లల తండ్రి. తన టీవీలో ఈ రాకెట్ల గోల పెట్టనిచ్చేవాడు కాదు. అందుకని శ్యామలమ్మ బియ్యం చాటతో సహా ఇక్కడికి వచ్చి, రాళ్ళేరుతూ అంతరిక్షం చూసేది.

సీరియల్ మొదటి విడత అయిపోయే ఆదివారం ఒక ఘోరం జరిగింది. అభిజిత్ ఓడ బయటికి వెళ్ళి యాంటెన్నా బాగుచేస్తుంటే నడుముకు కట్టుకున్న తాడు తెగింది. ఎప్పటిలాగే ఓ పక్కకి నవ్వుతూ, మెల్లగా చీకట్లోకి జారి, చిన్నవాడై, చుక్కై, కనిపించకుండా పోయాడు. ఓడలో తార అనే అమ్మాయి రేడియో దగ్గర కూర్చుని, “అభిజిత్, వినిపిస్తోందా?” అని అడుగుతూనే ఉంది. అంతటితో ఆపేశారు. మళ్ళీ ఎప్పుడన్నది చెప్పలేదు.

“అయ్యో, సచ్చిపోయిండా ఏంది?” శ్యామలమ్మ చాట కింద పెట్టేసింది. “మంచిగున్న మనిషిని గిట్ల జేస్తరా?”

ఆర్థర్ మీసం దువ్వాడు. మీసమంటే అలాంటిలాంటిది కాదు, ఒత్తుగా, చివరలు పైకి తిరిగి, పెళ్ళిచూపుల్లో మేబెల్ తలెత్తి చూసింది దాన్నే. “రాసిపెట్టుకోండి శ్యామలమ్మగారూ. అభిజిత్ తిరిగొస్తాడు. రాకపోతే నా మీసం తీసేస్తా.”

“జెర సోంచాయించి పందెం కట్టు సారూ. గంత మంచి మీసం!”

“వస్తాడండీ. మా మేబూ ఇలా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే రాకుండా ఎక్కడికి పోతాడు?”

మర్నాడు చినుకులు పడుతుంటే స్కూటర్ మీద ఆఫీసుకు బయలుదేరి, ప్యాట్నీ సెంటర్ దగ్గర జారి, తల రోడ్డుకు కొట్టుకుని, ఆర్థర్ స్పృహ తప్పాడు.

ఆసుపత్రిలో తల గొరిగారు, పుర్రె తెరిచారు, గడ్డకట్టిన రక్తం తీశారు. మీసం జోలికి మాత్రం పోలేదు. మేబెల్ మంచం పక్కన కూర్చుని ఆయన చెవిలో, “ఏవండీ, వినిపిస్తోందా?” అని అడిగేది. అడుగుతుంటే తన గొంతులోంచి తార మాట్లాడుతున్నట్టుండేది. అలా అడిగి అడిగి మనసులో ఒక ముడి పడిపోయింది. అభిజిత్ వస్తే ఈయనా వస్తాడు. ఇది పిచ్చి అని ఆవిడకు తెలియదా? బైబిలు వాక్యం చదువుకున్న మనిషి, తెలియకేం. కానీ మునిగిపోయేవాడు చేతికందిన గడ్డిపోచని ‘నువ్వు గడ్డిపోచవేనా’ అని అడగడు కదా.

ఈ ముడి సంగతి దేవుడితో కూడా చెప్పలేదు. పైకి మాత్రం అందరూ మొక్కుకునేదే మొక్కుకుంది. ప్రభువా, నా భర్తను నాకు తిరిగివ్వు, సంఘమంతటినీ పిలిచి కృతజ్ఞత కూటం పెడతాను, అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెబుతాను, కడుపునిండా భోజనం పెడతాను. రోసమ్మగారి చెయ్యి పట్టుకుని మరీ మొక్కుకుంది.

ఆర్థర్ కళ్ళు తెరిచాడు. లేచాడు, నడిచాడు, ఇంటికి వచ్చాడు. తల మీద జుట్టు కూడా మళ్ళీ వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అదే ముఖం, అదే మనిషి, స్తోత్రం స్తోత్రం అన్నారు.

అదే ముఖం. అదే మనిషి కాడు. ఆ సంగతి మేబెల్‌కి మొదటి రోజే తెలిసింది. గుర్తులన్నీ ఉన్నాయి. పెళ్ళినాటి చీర రంగు అడిగితే చెప్పాడు. విశాఖపట్నంలో గొడుగు పోగొట్టుకున్న హోటలు పేరు అడిగితే చెప్పాడు. బడిలో పిల్లాడు చేతులు కట్టుకుని అప్పజెప్పినట్టు అన్నీ చెప్పాడు. కానీ నవ్వు లేదు, గొంతులు లేవు. పప్పుచారు పోస్తే తిన్నాడు, పోయకపోతే ఊరుకున్నాడు. ‘మేబూ’ పోయి ‘మేబెల్’ వచ్చింది. కుక్కర్ ఈల వేస్తే చెవులు మూసుకునేవాడు, కాఫీ చల్లారితే చిన్నపిల్లాడిలా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మెదడు ముందు భాగానికి దెబ్బ తగిలిందమ్మా, స్వభావం మారిపోతుంది, ఇంతవరకు దక్కాడని సంతోషించండి అని చెప్పి డాక్టరు పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

మీసం ఒక్కటే పాతది. ఆదివారం ఆదివారం చిన్న కత్తెర పట్టుకుని మేబెల్ దాన్ని సరిచేసేది. ఆయన మెడ ఎత్తి, కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చునేవాడు. ఆ కాసేపు కళ్ళు మూసి ఉంటాయి గనక, అవి తెరిస్తే లోపల ఆర్థర్ ఉంటాడేమోనని ఆవిడకు ఆశ. అందుకే కావాలని ఆలస్యం చేసేది.

కూటం ఎప్పుడమ్మా అని సంఘంలో అడగడం మొదలుపెట్టారు. పిల్లల పరీక్షలంది, తర్వాత వానలంది, తర్వాత నీళ్ళ ఎద్దడంది. అసలు మాట ఎవరితో చెప్పుకుంటుంది? రాని మనిషి వచ్చాడని నిలబడి కృతజ్ఞత చెబితే, ఇక రావలసినవాడు రాకపోయినా పరవాలేదని ఒప్పుకున్నట్టే. ‘ఓహో, ఈవిడకు ఇది చాలన్నమాట’ అని దేవుడు అటు తిరిగి పడుకుంటే? ఎన్ని తప్పించుకునే మాటలు చెప్పినా రోసమ్మగారి చూపు మాత్రం తప్పించుకోలేకపోయేది.

అలాంటి రోజుల్లో ‘ధ్రువనౌక’ మళ్ళీ మొదలవుతుందని టీవీలో చెప్పారు. మేబెల్‌కి ప్రాణం లేచొచ్చింది. బడిలో పిల్లలు తప్పు ఎక్కం చెప్పినా కొట్టలేదు. ఇంటికి వస్తూ మల్లెపూలు కొనుక్కుంది. ఆ సంతోషం గురువారం దాకా ఉంది. గురువారం శ్యామలమ్మ సినిమా పేజీ పట్టుకుని వచ్చింది.

“మేబెలమ్మా, జూసినవా? పాతాయన సీన్మలల్ల జేరిండంట. గిప్పుడు గీ కొత్తాయన అభిజిత్ అంట.”

“కొత్తాయనేంటి? అభిజిత్ అభిజితే కదండీ.”

“గదేనమ్మా. ఆయన మొఖం ఏడనో మండే సుక్క కాడ కాలిపోయిందంట. గాడ ఉన్నోళ్ళు కొత్త మొఖం వెట్టి పంపిస్తరంట. లోపల మనిషి మాత్రం గాయననే అంట. ఏం కత రాసిండ్రు!”

మేబెల్ ఆ ఫొటో చూసింది. సన్నటి ముఖం, దించుకున్న కళ్ళు. ఎవరో. ముఖం కొత్తదైనా లోపల అదే మనిషట. మరి ముఖం అదే ఉండి లోపల మనిషి కొత్తవాడైతే, దానికి కథ ఎవరు రాస్తారు? కాగితం మడిచి శ్యామలమ్మ చేతిలో పెట్టి, పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు.

మర్నాడు శుక్రవారం, స్త్రీల ఉపవాస ప్రార్థన. విన్నపాలు చెప్పే వేళ ఒక్కొక్కరే లేస్తున్నారు. ప్రేమమణికి మోకాళ్ళ నొప్పి, ఇంకొకావిడ అల్లుడికి బదిలీ. మేబెల్ లేచి నిలబడింది. ఆర్థర్ కోసమేననుకుని అందరూ తలలు వంచారు.

“అభిజిత్ కోసం ప్రార్థన చెయ్యండి” అంది మేబెల్. “ఎక్కడో దూరాన తప్పిపోయాడు. తిరిగి రావాలి. తన ముఖంతోనే రావాలి.” ఇంకేదో చెప్పబోయి భోరుమంది.

ఆ కూటంలో ఒక రివాజు ఉంది, ఏడ్చినవాళ్ళని వివరాలు అడగరు. పేరు చాలు, మిగతాది ప్రభువుకు తెలుసు. ఇరుగింటి హిందువుల పిల్లాడెవడో ఇల్లు వదిలి పారిపోయాడని అందరూ అనుకున్నారు. రోసమ్మగారు ఆ భారం తన నెత్తిన వేసుకుంది. “ప్రభువా, ఎవరు కన్న బిడ్డయినా నీ బిడ్డే, అభిజిత్‌ను వాళ్ళమ్మ ఒడికి చేర్చు” అని గోడలు అదిరేలా ప్రార్థన చేసింది. మేబెల్‌కి నిజం చెప్పడానికి నోరు పెగల్లేదు. చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అంతమంది కలిసి అడిగితే దేవుడు వింటాడేమోనని లోపల కొండంత ఆశ.

దేవుడు వినలేదు. ఆదివారం పది గంటలకు కొత్తాయనే వచ్చాడు.

ఓడ తలుపు తెరుచుకుంది. పొగలోంచి సన్నగా, కొంచెం వంగి నడుస్తూ వచ్చి, “నేనే. అభిజిత్‌ని” అన్నాడు. సిబ్బంది నమ్మలేదు. పాత రహస్యాలన్నీ అడిగారు. అన్నిటికీ సరిగ్గా చెప్పాడు. తార మాత్రం ముఖం తిప్పుకుంది. పాతాయన కుర్చీలో కూర్చుంటే బల్ల మీద రెండు వేళ్ళతో టకటకమని కొట్టి, ఓ పక్కకి నవ్వి, అప్పుడు ఓడ నడిపేవాడు. కొత్తాయన కొట్టలేదు. నవ్వలేదు. మెల్లగా కూర్చున్నాడు.

“వీడా?” మేబెల్ లేచి నిలబడింది. “వీడి మొహానికి అభిజితా? ఆ నడకేంటి, ఆ గొంతేంటి, ఉప్పులేని పప్పులా?”

“పోనీ తియ్యమ్మా, మెల్లమెల్లగ అలవాటైతది” అంది శ్యామలమ్మ.

“అలవాటు కానక్కర్లేదు నాకు.”

ఆర్థర్ కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. ఏమీ అనలేదు. ఆయనేమీ అనకపోవడం ఆ ఇంట్లో మామూలైపోయింది గనక ఎవరూ పట్టించుకోలేదు.

అది మొదలు, ప్రతి ఆదివారం ఇదే తంతు. చూడ్డం మానేస్తుందా అంటే మానదు. ఎవరైనా పంటినొప్పి ఉన్న చోటే నాలుకతో తడుముతూ ఉంటారు చూడండి, అలా. కొత్తాయన నోరు తెరవడం ఆలస్యం, ఈవిడ అందుకునేది. “మా అభిజిత్ అయితే ఈపాటికి నవ్వించేవాడు.” “చూడు చూడు, నిద్రలో నడుస్తున్నట్టు.” ఒకసారైతే గొంతు చించుకుని, “దొంగ! ఇంకొకడి కుర్చీలో కూర్చోవడానికి సిగ్గుండాలి. మా వాణ్ణి ఎక్కడ దాచావురా?” అంది. శ్యామలమ్మ బియ్యం ఏరడం ఆపి, ఆర్థర్ వైపు ఒకసారి, ఈవిడ వైపు ఒకసారి చూసింది. చూసి, “నేను పొయ్యి మీద కూర వెట్టొచ్చిన” అని సగంలోనే లేచిపోయింది.

అలాంటి ఒక ఆదివారమే, తట్టకూడని వేళ తలుపు తట్టి రోసమ్మగారు లోపలికి వచ్చింది. చేతిలో అరటిపళ్ళు.

“ఆ అభిజిత్ వచ్చాడుటే? వాళ్ళమ్మని ఓసారి పలకరించి పోదామని వచ్చా. ఏ ఇల్లు?”

శ్యామలమ్మ అమాయకంగా టీవీ వైపు చెయ్యి చూపించింది. “అభిజితా? గాయననే గదమ్మా. వచ్చిండు గని, మేబెలమ్మకు నచ్చుతలేడు.”

రోసమ్మగారు టీవీ చూసింది, మేబెల్‌ని చూసింది, కుర్చీలో కూలబడింది. “ఈ రాకెట్టువాడి కోసమా? వీడి కోసం నేను శుక్రవారాలు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా మాడానా? షుగరు మనిషినే, కళ్ళు తిరిగి పడ్డానే!” అరటిపళ్ళ వైపు చూసుకుని, ఒకటి వలిచి తానే తినడం మొదలుపెట్టింది. సగం తిన్నాక గొంతు మారింది. “మేబెల్. నువ్వు దేవుడికి బాకీ ఉన్నావు. ఆయన నీ మొగుణ్ణి తెచ్చి నీ ఎదురుగా కూర్చోబెట్టాడు. నువ్వు మొక్కు చెల్లించకుండా టీవీలో ఎవడి కోసమో ఏడుస్తున్నావు. వచ్చే ఆదివారం సాయంత్రం కూటం. అయ్యగారికి నేనే చెబుతా. ఇంకో మాట మాట్లాడకు.”

ఇప్పుడు మేబెల్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. కూటం వద్దంటే మొక్కు తప్పినట్టు. కూటం పెడితే ఆర్థర్‌ని వదులుకున్నట్టు. మిగిలింది ఒక్క వారం. ఆ వారంలోనే ఆర్థర్‌ని ఎలాగైనా బయటికి లాగాలి. ఎక్కడో లోపలే ఉన్నాడు, పిలవాల్సినట్టు పిలిస్తే పలుకుతాడు.

బుధవారం బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ఆయన ఎదుట కూర్చుంది.

“ఏవండీ, ఒక్కసారి ఆ మైకావిడ గొంతు చెయ్యండి.”

“ఏ మైకావిడ?”

“స్టేషన్‌లో. దయచేసి వినండి అంటుందే. అన్నం దగ్గర చేసేవారు కదా.”

ఆర్థర్ ఆలోచించాడు. చెయ్యెత్తి ముక్కు పట్టుకున్నాడు. అది గుర్తుంది. మేబెల్ ముందుకు వంగింది.

“దయచేసి వినండి” అన్నాడు. ముక్కు పట్టుకున్న ఆర్థర్ గొంతే, ఇంకెవరిదీ కాదు. ఆగిపోయాడు. “తర్వాత ఏమంటుంది మేబెల్?”

“మేబెల్ గారి పప్పుచారు... మరికొద్ది సేపట్లో...”

“పప్పుచారు స్టేషన్‌కి ఎందుకొస్తుంది?”

వేళాకోళం కాదు. నిజంగా తెలియకే అడిగాడు. మేబెల్‌లో ఏదో పుటుక్కున తెగింది. ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. “లోపల ఉన్నారు, నాకు తెలుసు. ఎందుకు రావట్లేదు? నా మీద కోపమా? ఒక్కసారి రండి. ఒక్కసారి మేబూ అనండి, చాలు, ఇంకేమీ అడగను.”

“మేబూ” అన్నాడు ఆర్థర్, ఆవిడ చెప్పమంది గనక. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ముక్కు మీద చెయ్యి ఇంకా తియ్యలేదు. తియ్యమని ఆవిడ చెప్పలేదు కదా.

ఆ పూట మేబెల్ వంట చెయ్యలేదు. వంటగదిలో నేల మీద కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. మొగుడు పోయినదాన్ని నలుగురూ చేరి ఓదారుస్తారు. మొగుడు ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, పోయాడని ఎవరితో చెప్పి ఏడవాలి? ఎవరు ఏడవనిస్తారు?

ఆదివారం వచ్చింది. పెరట్లో షామియానా కట్టారు, వంటవాళ్ళు గాడిపొయ్యి తవ్వారు. మేబెల్ చర్చి నుంచి వచ్చి టీవీ పెట్టింది. ఈరోజైనా చూడకుండా ఉండొచ్చు కదా అని మనం అనుకుంటాం. ఆవిడ బాధ మనకేం తెలుసు? శ్యామలమ్మ రాలేదు, షామియానా పని చూస్తోంది. మొగుడూ పెళ్ళాలిద్దరే ఉన్నారు.

ఆ వారం కొత్తాయన ఒక్కడే ఓడ కిటికీ దగ్గర కూర్చున్నాడు. తార వచ్చి, తన దగ్గర దాచుకున్న పాతాయన ఫొటో తీసి చూసుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. కొత్తాయన అద్దంలో తన ముఖం తడుముకున్నాడు.

“పో!” మేబెల్ టీవీ ముందు నిలబడి అరిచింది. “నువ్వు పోతేగానీ ఆయన రాడు. పో, నీకు దణ్ణం పెడతాను, మా ఆయన్ని పంపించు!”

మా అభిజిత్ అనాలి. మా ఆయన్ని అంది. తనేమందో తనకు వినబడలేదు.

“ఆయనేం చేస్తాడు మేబెల్, పాపం” అన్నాడు ఆర్థర్.

మేబెల్ తిరిగి చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎవరూ అడక్కుండా ఆయన అన్న మొదటి మాట అది.

“రమ్మన్నారని వచ్చాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. అయినా అందరూ ఆయన ముఖంలో ఇంకొకాయన్ని వెతుకుతున్నారు.” ఆర్థర్ టీవీ వైపే చూస్తున్నాడు. “ఆ రెండోవాడు ఎక్కడున్నాడో ఈయనకూ తెలియదు. తెలిస్తే తెచ్చిచ్చేవాడే.”

అని లేచి, మెల్లగా నీళ్ళగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మేబెల్ అక్కడే నిలబడిపోయింది. ‘దొంగ’ అన్నది గుర్తొచ్చింది. ‘సిగ్గుండాలి’ అన్నది గుర్తొచ్చింది. అన్ని ఆదివారాలూ ఈ కుర్చీలోనే కూర్చుని, మాట మాట్లాడకుండా, అన్నీ విన్నాడు. టీవీలో వాణ్ణి తిడుతున్నానని తను అనుకుంది. వెళ్ళి తలుపు కొట్టబోయి ఆగింది.

ఆర్థర్ బయటికి వచ్చాడు. మీసం లేదు.

పై పెదవి తెల్లగా, బోడిగా, ఎవరిదో అన్నట్టుంది. ఒకచోట కత్తి తగిలి రక్తం చిప్పిల్లుతోంది. అంత మీసం తానొక్కడే గొరుక్కోవడం ఆయనకు అలవాటు లేదు.

“ఏవండీ, ఏంటిది?” మేబెల్ దగ్గరకు వచ్చింది. “ఎందుకు తీశారు?”

“పందెం వేశాను కదా. అభిజిత్ రాకపోతే తీసేస్తానన్నాను. శ్యామలమ్మగారు కూడా విన్నారు.”

“వచ్చాడనే అంటున్నారు కదండీ అందరూ.”

“అందరూ అంటారు. నువ్వు రాలేదన్నావు.” ఆర్థర్ తుండుతో పెదవి అద్దుకున్నాడు. “నీకే కదా తెలిసేది.”

మేబెల్ ఆ తుండు తీసుకుని రక్తం తుడిచింది. ఇన్నాళ్ళూ కత్తెర పట్టుకుని ఆలస్యం చేసిన చోట ఇప్పుడు సరిచెయ్యడానికేమీ లేదు. ఆ ముఖం కొత్తగా ఉంది. కళ్ళు మూసుకోలేదు, ఆవిణ్ణే చూస్తున్నాయి, భయంభయంగా, తిడుతుందేమోనని.

సాయంత్రం షామియానా నిండిపోయింది. ఆర్థర్‌ని చూసి ప్రేమమణి గుర్తుపట్టక, ‘ఈ చుట్టం ఎవరు’ అని పక్కావిణ్ణి అడిగింది. పాటలయ్యాయి, వాక్యమయింది. అయ్యగారు సాక్ష్యం చెప్పమన్నారు. మేబెల్ లేచి నిలబడింది. మొదటి వరసలో రోసమ్మగారు స్తోత్రం చెప్పడానికి ముందే నోరు సగం తెరుచుకుని కూర్చుంది.

“నా భర్తను తిరిగిస్తే కూటం పెడతానని మొక్కుకున్నాను” అంది మేబెల్. “నా భర్త రాలేదు.”

షామియానాలో విసనకర్రలు ఆగిపోయాయి.

“ఆ రోజు చినుకుల్లో స్కూటరెక్కి వెళ్ళినాయన రాలేదు. వస్తాడని చూశాను. అడగని వాళ్ళంటూ లేకుండా అడిగాను, టీవీలో బొమ్మల్ని కూడా అడిగాను, రోసమ్మక్కని పస్తు పడుకోబెట్టి అడిగించాను. ఇక రాడు. ఆయన కోసం నేను ఏడవాలి. అదే ముఖం కదా అని ఎవరూ నన్ను ఊరుకోబెట్టొద్దు. నన్ను ఏడవనివ్వండి.” ఆవిడ ఏడుస్తూనే ఉంది, తుడుచుకోలేదు. “ఈయన వచ్చారు. నేను అడిగింది ఈయన్ని కాదు. వచ్చిన దగ్గర్నుంచి ఒక్క పూట కూడా రండి, ఇది మీ ఇల్లే అనలేదు నేను. పొమ్మన్నాను. ఈయన పోలేదు. వెళ్ళడానికి ఈయనకు ఇంకో చోటు లేదు. నాకూ లేదు. అందుకని, వచ్చిన ఈయన కోసం, దేవునికి స్తోత్రం.”

కూర్చుంది. సాక్ష్యం అయ్యాక సంఘమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అనాలి. ఎవరూ అనలేదు. ఇది సాక్ష్యమో, ఫిర్యాదో, శాపమో వాళ్ళకు అంతుబట్టలేదు. అయ్యగారు తలొంచుకుని పుస్తకంలో పేజీలు తిప్పుతున్నారు. రోసమ్మగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

“ఆమేన్” అన్నాడు ఆర్థర్.

ఆ ఎత్తూ పల్లం లేని గొంతుతోనే, అడిగినదానికి సమాధానం చెప్పినట్టు అన్నాడు. అని, సరిగ్గా అన్నానా అని మేబెల్ వైపు చూశాడు. ఆవిడ తలూపింది. అప్పుడు రోసమ్మగారు అంది, ఆవిడ వెనక మిగతావాళ్ళూ అన్నారు.